రంగు మారినా మాట మారని వెలుగు

దూరాన ఉన్నవానికి మాట చేర్చాలనే ఆరాటం మానవజాతికి మొదటి నుంచీ ఉన్నదే. కొండ శిఖరం మీద మంట వేసి శత్రువు రాకను తెలిపిన కాలం ఒకటి. నగారా మ్రోగించి ఊరిని పిలిచిన కాలం మరొకటి. ఆ తరువాత తంతి వచ్చింది. మన తాతల కాలంలో ఇంటికి తంతి వచ్చిందంటే విప్పి చదివేదాకా ఇంటిల్లిపాదీ గుండెలు చిక్కబట్టుకొని నిలిచేవారు. ఆ తంతి సేవ 2013 జూలైలో మన దేశంలో ముగిసిపోయింది. ఈనాడు మన మాటను దూరదేశాలకు మోస్తున్నది రాగి తీగ కాదు, వెంట్రుక వంటి గాజు పోగు. అందులో ప్రవహించేది విద్యుత్తు కాదు, వెలుగు. ఈ వెలుగు గమ్యం చేరేలోగా ఎట్లా చెదరిపోతుందో, చెదరినదానిని ఎట్లా కూడగట్టవచ్చునో, అవసరమైన చోట దాని రంగును మార్చి ఎట్లా సాగనంపవచ్చునో మా శక్తి కొలది వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ విషయాన్ని అనుసరించి కళాశాల పెద్దలకు మా మనవి ఒకటి ఉన్నది. దానిని చివర విన్నవించుకుంటాము.

మొదట ఈ పోగు కథ కొంత తెలుసుకోవాలి. సాంద్రత ఎక్కువైన పదార్థం నుంచి తక్కువైన పదార్థం వైపు వెలుగు బాగా ఏటవాలుగా వచ్చినప్పుడు బయటికి పోలేక పూర్తిగా లోపలికే తిరుగుతుంది. దీనినే మన పాఠ్యపుస్తకాలు సంపూర్ణాంతర పరావర్తనం అన్నాయి. ఈ సూత్రం ఆధారంగా గాజు పోగులలో వెలుగును నడిపించిన తొలితరం శాస్త్రజ్ఞులలో పంజాబుకు చెందిన నరీందర్ సింగ్ కపానీ ఒకరు. ఆయన హాప్కిన్స్‌తో కలిసి 1954లో ప్రకటించిన పరిశోధన సుప్రసిద్ధం. అయితే ఆనాటి గాజులో వెలుగు కొద్ది మీటర్లలోనే అడుగంటేది. దోషం గాజుది కాదు, గాజులోని మాలిన్యాలది అని 1966లో చార్లెస్ కావో నిరూపించాడు. కిలోమీటరుకు 20 డెసిబెల్‌ల కంటె తక్కువ నష్టం గల గాజును తయారు చేయగలిగితే దూరవార్తలకు అది రాజమార్గం అవుతుందని చెప్పాడు. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ శాస్త్రజ్ఞులు అటువంటి పోగును తీసి చూపారు. కావోకు నోబెల్ బహుమతి 2009లో లభించింది.

ఈనాటి పోగులో 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద నష్టం కిలోమీటరుకు సుమారు 0.2 డెసిబెల్ మాత్రమే. ఈ వెలుగు మన కంటికి కనిపించదు. అది పరారుణ కాంతి. పోగు బయటి మందం 125 మైక్రాన్లు. వెలుగు నడిచే నడిమి గర్భం అందులో 9 మైక్రాన్లకు మించదు.

ఈ గాజు పోగు మన సీమకు క్రొత్త కాదు. 2000వ సంవత్సరంలో ఏర్పడిన రైల్‌టెల్ సంస్థ రైలు పట్టాల వెంట దీనిని పరచింది. హై టెన్షన్ లైన్ల శిరస్సున ఉండే ఎర్తు వైరు లోపల దీనిని పొదిగి పంపడం దేశమంతటా వాడుకలోకి వచ్చింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్ ఈ కేబులును భూమిలో పాతక, కరెంటు స్తంభాలకు కట్టి ఊరూరికి నడిపించింది. నల్లమల వంటి అభయారణ్యంలో నేలను త్రవ్వాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. స్తంభాలకు కడదామంటే ఈదురుగాలికి విరిగిపడే కొమ్మల భయం. దట్టమైన అడవి గల చోట పోగును ఒక ఊరికి చేర్చడమే ఒక సాధన.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. కర్నూలు నుంచి శ్రీశైలానికి రోడ్డు మార్గం సుమారు 180 కిలోమీటర్లు. ఆ దారి పొడవునా ఒకే పోగు పరచినట్లు ఊహించండి. వెలుగు గాజులో సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు నడుస్తుంది కనుక సెకనులో వెయ్యవ వంతు కంటె తక్కువ కాలంలోనే శ్రీశైలం చేరుతుంది. కాని 180 కిలోమీటర్లలో నష్టం 36 డెసిబెల్‌లు. అనగా బయలుదేరిన వెలుగులో నాలుగు వేల వంతులలో ఒక వంతు మాత్రమే అక్కడికి చేరుతుంది. ఈ క్షీణతకు మందు దొరికింది. ఎర్బియం అనే ధాతువును కొద్దిగా కలిపిన పోగులోనికి వేరొక లేజరు శక్తినిచ్చినప్పుడు అది బలహీనపడిన వెలుగును వెలుగుగానే పెంచి పంపుతుంది. 1987లో వెలువడిన ఈ వర్ధకం వల్లనే సముద్రాల అడుగున వేల కిలోమీటర్ల కేబుళ్ళలో మధ్య మధ్య వెలుగును విద్యుత్తుగా మార్చవలసిన పని తప్పింది.

అయితే వెలుగు బలహీనపడడం ఒక జబ్బు, వెలుగు చెదరడం వేరొక జబ్బు. మొదటి దానికి ఇచ్చే మందు రెండవ దానికి పనికిరాదు. చెదరిన సంకేతాన్ని వర్ధకంలో పెట్టి పెంచితే చెదరింపు కూడా అంతే పెరుగుతుంది. చెవిటివానితో బిగ్గరగా మాట్లాడవచ్చును. మాట తెలియనివానితో ఎంత అరచి ఏమి లాభం?

ఈ చెదరింపు అంటే ఏమిటో తరగతి గదిలో మాకు సరిగా పట్టుబడలేదు. పట్టుబడినది నల్లమలలో. 2025వ సంవత్సరంలో ఉగాది మార్చి 30న, రంజాన్ పండుగ మార్చి 31న వచ్చాయి. ఉగాదికి నాలుగు రోజుల ముందు భౌతికశాస్త్రం చదివే మేము, మా అధ్యాపకులు ఇద్దరితో కలిసి శ్రీశైలం ఆనకట్టను, విద్యుత్ కేంద్రాన్ని బయటి నుంచి చూచి రావడానికి వెళ్ళాము. మాలో సగం మంది రోజా పాటిస్తున్నవారు. దారిలో ఆత్మకూరు దగ్గరి నుంచే కన్నడ దేశపు భక్తులు బారులు తీరి కనిపించారు. ఏటా ఉగాదికి వారు నెత్తిన మూటలతో కాలినడకన వస్తారు. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా అడవిలో నడిచి కైలాసద్వారం ఎక్కుతారు. ఎండ నిప్పులు చెరుగుతున్నది. దాహంతో ఉన్న మావారికి దాహంతో నడుస్తున్న వారి మీద సహజంగానే ప్రేమ కలిగింది. వారి పిల్లలకు మా బస్సులోని నీళ్ళ క్యాన్లు దించి ఇచ్చాము.

అడవిలోనికి ప్రవేశించేటప్పుడు ఒక్కొక్క ఊరి వారు ఒక్కొక్క గుంపుగా ఉన్నారు. గుంపుకూ గుంపుకూ నడుమ ఎడం ఉన్నది. ఇది ఫలానా ఊరి గుంపు అని సులువుగా గుర్తించవచ్చును. కైలాసద్వారం దగ్గర మేము నిలబడి చూచినప్పుడు ఆ ఎడం ఎక్కడా లేదు. యువకులు ముందుకు దూసుకొని వచ్చి ముందరి ఊరి వృద్ధులలో కలిసిపోయారు. వెనుకబడిన తల్లులు వెనుక గుంపులో చిక్కుకున్నారు. దారిలో ఒక్క మనిషి కూడా తప్పిపోలేదు. అందరూ చేరారు. అయినా ఏది ఏ గుంపో తెలియలేదు. మా అధ్యాపకులు అప్పుడు అన్నారు: "నష్టం వేరు, విక్షేపణం వేరు అని మీకు ఇన్నాళ్ళుగా చెబుతున్నది ఇదే."

పోగులో జరిగేదీ అదే. మనం ఒక అక్షరాన్ని పంపాలంటే దానిని ఒకట్లు, సున్నలు అనే గుర్తులుగా మార్చి, ఒకటికి ఒక కాంతి స్పందం, సున్నకు చీకటి చొప్పున పంపుతాము. ఎంత శుద్ధమైన లేజరు నుంచి వచ్చిన స్పందమైనా అందులో ఒకే తరంగదైర్ఘ్యం ఉండదు, ఒక చిన్న పట్టీ ఉంటుంది. స్పందం ఎంత పొట్టిదైతే ఆ పట్టీ అంత వెడల్పు. గాజు వక్రీభవన గుణకం ఒక్కొక్క తరంగదైర్ఘ్యానికి ఒక్కొక్క విధంగా ఉంటుంది కనుక ఆ పట్టీలోని అంశాలన్నీ ఒకే వేగంతో నడవవు. 1550 నానోమీటర్ల వద్ద సాధారణపు పోగులో పొట్టి తరంగాలు ముందు, పొడుగు తరంగాలు వెనుక. నానోమీటరు తేడాకు కిలోమీటరుకు సుమారు 17 పికోసెకన్ల ఎడం. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు.

లెక్క వేసి చూడండి. సెకనుకు వెయ్యి కోట్ల గుర్తులు పంపే వేగంలో ఒక్కొక్క గుర్తుకు దక్కే కాలం 100 పికోసెకన్లు. పట్టీ వెడల్పు 0.1 నానోమీటరు అనుకొంటే 180 కిలోమీటర్లకు ఆ గుర్తు సుమారు 300 పికోసెకన్లకు సాగుతుంది. అనగా ఒక గుర్తు తన ఇల్లు దాటి ఇరుగు పొరుగు ఇళ్ళలోనికి కూడా చొరబడుతుంది. కర్నూలులో మీట నొక్కినవాడు పంపినది ఒకటో సున్నో శ్రీశైలంలో తెలియదు. వేగం పెంచినకొద్దీ ఈ బాధ మరింత త్వరగా పెరుగుతుంది. వేగం నాలుగింతలు చేస్తే వెలుగు చెదరకుండా పోగల దూరం పదహారవ వంతుకు పడిపోతుంది. స్పందం పొట్టిదై పట్టీ వెడల్పవుతుంది, గుర్తుకు దక్కే కాలమూ తగ్గుతుంది. రెండు వైపులా దెబ్బే.

దీనిని సమూలంగా నిర్మూలిద్దామని శాస్త్రజ్ఞులు 1550 నానోమీటర్ల వద్ద విక్షేపణం సున్నా అయ్యేటట్లు ఒక క్రొత్త పోగును రూపొందించారు. జపానులో ఆ పోగును విరివిగా పరచారు. ఒక్క రంగు వెలుగును పంపినంత కాలం అది చక్కగా పనిచేసింది. తరువాత ఒకే పోగులో పదుల కొద్దీ తరంగదైర్ఘ్యాలను, ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క వార్తను, పంపే పద్ధతి వచ్చింది. అప్పుడు ఒక వింత బయటపడింది. రంగులన్నీ ఒకే వేగంతో, ఒకే అడుగుతో కలిసి నడిచేసరికి అవి గాజులో ఒకదానితో ఒకటి కలిసి, ఎవరూ పంపని క్రొత్త రంగులను పుట్టించసాగాయి. ఆ పుట్టినవి పక్క వార్తల మీద పడి వాటిని పాడుచేశాయి. దీనికి చతుస్తరంగ మిశ్రమం అని మేము పేరు పెట్టుకున్నాము. అందుకే తరువాతి తరం పోగులలో విక్షేపణాన్ని పూర్తిగా తీసివేయక కొంత మిగిల్చారు. చెదరకుండా చేయాలన్న పట్టుదల మరీ ఎక్కువైతే కలగాపులగం అవుతుందని, కొద్దిపాటి తేడా మేలేనని గాజు పోగు నేర్పిన పాఠం ఇది.

ఇక తరంగదైర్ఘ్య పరివర్తనం, అనగా వెలుగు రంగు మార్చడం. ఇది ఎందుకు? రాయలసీమలో గుంతకల్లు జంక్షన్ను ఎరుగనివారు ఉండరు. ఒకప్పుడు నంద్యాల వైపు నుంచి మీటరు గేజి, బొంబాయి మద్రాసు మార్గాన బ్రాడు గేజి అక్కడ కలిసేవి. ఒక బండిలో వచ్చిన సరుకును దించి, మరొక బండికి ఎక్కించి పంపవలసి వచ్చేది. 1990వ దశకంలో గేజి మార్పిడి జరిగి ఆ పని తప్పింది. వెలుగు దారులలోనూ ఇదే చిక్కు. కర్నూలు నుంచి నంద్యాల వరకు మూడవ రంగు మాత్రమే ఖాళీగా ఉన్నదనుకోండి. నంద్యాల నుంచి గుంటూరు వరకు ఏడవ రంగు మాత్రమే ఖాళీ. రెండు దారులలోనూ చోటు ఉన్నది, అయినా మన వార్త గుంటూరు చేరదు. నంద్యాలలో ఎవరైనా ఆ వార్తను మూడవ రంగు నుంచి ఏడవ రంగులోనికి మార్చగలిగితే చేరుతుంది. పాత పద్ధతిలో వెలుగును విద్యుత్తుగా దించి, మరొక లేజరు మీద మళ్ళీ ఎక్కించేవారు. గుంతకల్లులో సరుకు దించి ఎక్కించినట్లే. అది ఖర్చుతో, కాలహరణంతో కూడిన పని. వెలుగును వెలుగుగానే ఉంచి రంగు మార్చడం ఉత్తమమని పరిశోధకులు తలచారు.

అందుకు వారికి సాధనం ఎక్కడ దొరికింది? నిన్నటిదాకా శత్రువని తలచిన ఆ చతుస్తరంగ మిశ్రమంలోనే. బలమైన ఒక కాంతిని, మన వార్తను మోసే కాంతిని కలిపి తగిన పోగులోనికి గాని, అర్ధవాహక వర్ధకంలోనికి గాని పంపితే క్రొత్త కాంతి పుడుతుంది. బలమైన కాంతి పౌనఃపున్యానికి ఇవతల మన వార్త ఎంత దూరాన ఉన్నదో, అవతల అంతే దూరాన అద్దంలో నీడ వలె ఆ క్రొత్త కాంతి నిలుస్తుంది. వార్త అదే, రంగు వేరు.

పదార్థంలో పడిన వెలుగు రంగు మారి రావచ్చునని 1928 ఫిబ్రవరి 28న లోకానికి చాటిన చంద్రశేఖర వెంకటరామన్ బాల్యంలో విశాఖపట్టణంలో చదువుకున్నవాడు. కలకత్తాలో ఆయనతో కలిసి పనిచేసి, పిదప ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులైన సూరి భగవంతం గారు కృష్ణా జిల్లాలో పుట్టిన తెలుగువారు. ఆనాడు కనుగొన్న రామన్ ఫలితమే ఈనాడు దూరపు పోగులలో వెలుగును పెంచే రామన్ వర్ధకాలకు మూలం. ఈ విద్య మనకు పరాయిది కాదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

ఇప్పుడు ఈ రెండు విషయాలు ఒకచోట కలిసే ఘట్టాన్ని చెప్పాలి. అద్దంలో నీడకు ఒక గుణం ఉన్నది. కుడి ఎడమ అవుతుంది. అట్లే రంగు మారిన వెలుగులో పట్టీ తారుమారు అవుతుంది. పొట్టి తరంగమై ముందు నడుస్తున్న అంశం పొడుగు తరంగమవుతుంది, వెనుకబడినది పొట్టి తరంగమవుతుంది. దారికి సరిగ్గా నడుమ ఈ మార్పు చేస్తే మిగిలిన సగం దారిలో ఏమి జరుగుతుంది? 1979లో అమ్నాన్ యారివ్, ఆయన సహచరులు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పారు. మా తరగతిలో దీనిని ఆంగ్లంలో మూడుసార్లు విన్నాము. సమీకరణాలు వ్రాసుకున్నాము. ఒక్కరికీ బోధపడలేదు.

బోధపరచినది మా సహాధ్యాయిని ఒకామె. ఆత్మకూరు వైపు పల్లె నుంచి వచ్చినది. పదవ తరగతి దాకా ఉర్దూ మాధ్యమంలో చదివినది. మా రాష్ట్రంలో 2021-22 విద్యా సంవత్సరం నుంచి డిగ్రీ చదువులు ఆంగ్ల మాధ్యమంలోనికి మారాయి. ఆమె మొదటి సంవత్సరం నుంచీ తరగతిలో నోరు విప్పినది లేదు. ఆ ప్రయాణానికి వారం ముందే టి.సి. కోసం దరఖాస్తు వ్రాసి పెట్టుకున్నదని మాకు తరువాత తెలిసింది. కైలాసద్వారం దగ్గర మూటలతో ఎక్కి వస్తున్నవారిని చూస్తూ ఆమె తనలో తాను అనుకున్నట్లు అన్నది: "ఆగేవాలోఁకూ బోజా దేవో, పీఛేవాలోఁకా ఉతారో. సబ్ మిల్‌కో పహుంచ్‌తే."

ముందు నడిచేవారి నెత్తిన మూట పెట్టండి, వెనుకవారిది దించండి, అందరూ కలిసే చేరుతారు అని ఆ మాటకు అర్థం. దారి నడుమ ఉన్న పెచ్చెరువు దగ్గర మూటలు మార్చుకుంటే, అక్కడిదాకా వేగంగా వచ్చినవారు నెమ్మదిస్తారు, నెమ్మదిగా వచ్చినవారు వేగం అందుకుంటారు. మొదటి సగంలో ఎంత ఎడం ఏర్పడినదో రెండవ సగంలో అంత ఎడం తరుగుతుంది. కైలాసద్వారం దగ్గర ఏ ఊరి గుంపు ఆ ఊరి గుంపే. యారివ్ చెప్పినది సరిగ్గా ఇదే. మా అధ్యాపకులు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత ఆమెను మళ్ళీ చెప్పమన్నారు. మాలో ఒకరు దానిని తెలుగులో చెప్పారు. బస్సు తిరిగి కర్నూలు చేరేలోగా తరగతి అంతటికీ ఆ పాఠం వచ్చేసింది.

ఈ చికిత్సకు హద్దులు లేకపోలేదు. మార్పు సరిగ్గా నడుమ జరగాలి, రెండు సగాలూ సమంగా ఉండాలి. ఈనాడు ఎక్కువ చోట్ల చెదరిన సంకేతాన్ని చివర అందుకొని గణకయంత్రం చేత లెక్క కట్టించి సరిచేస్తున్నారు. కాని రెండు పద్ధతులకూ ఆధారం ఒక్కటే. విక్షేపణం చేసే చెదరింపులో ఒక క్రమం ఉన్నది. క్రమం గలదానిని వెనుకకు త్రిప్పవచ్చును. వర్ధకాలు తెచ్చిపెట్టే గోలలో క్రమం లేదు. దానిని ఏ విద్యా వెనుకకు త్రిప్పలేదు.

మా విన్నపం ఇక్కడ మొదలవుతుంది. ఉర్దూలో, తెలుగులో చదివి వచ్చిన విద్యార్థి డిగ్రీ తరగతిలో మౌనంగా కూర్చుంటే బుద్ధి క్షీణించినదని తలచి అదే పాఠాన్ని మరింత బిగ్గరగా చెప్పడం వర్ధకం వంటి వైద్యం. ఆ విద్యార్థిలో తగ్గినది వెలుగు కాదు. వచ్చిన రంగుకు ఆ దారిలో చోటు లేదు. నడుమ ఒకచోట రంగు మార్చేవారు కావాలి. ఈ పని మన నేలకు క్రొత్తది కాదు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం 1917లో నెలకొల్పిన దారుల్ తర్జుమా శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల స్థాయి పుస్తకాలను తెలుగులో వెలువరించింది. వారు 'తూలె మౌజ్' అన్నారు, వీరు 'తరంగదైర్ఘ్యం' అన్నారు. మౌజ్ అంటే తరంగం, తూల్ అంటే దైర్ఘ్యం. రెండూ ఒకే మాటకు రెండు రంగులు. ఆంగ్లం మాకు వద్దని మేము అనడం లేదు. ప్రపంచమంతటా నడిచే దారి అది. ఆ దారికి ఎక్కే జంక్షను మాత్రం మా కళాశాలలోనే ఉండాలని కోరుతున్నాము.

కనుక కమిటీ పెద్దలకు మా మనవి రెండు అంశాలు. వారానికి ఒక గంట, ఆ వారం జరిగిన శాస్త్రపాఠాన్ని విద్యార్థులే ఉర్దూలోనూ తెలుగులోనూ తోటివారికి చెప్పుకునే ఏర్పాటు. మేము ఇప్పటికే ఒక నోటు పుస్తకంలో మూడు భాషలలో వ్రాసుకుంటున్న శాస్త్రపదాలను అధ్యాపకుల చేత దిద్దించి చిన్న పుస్తకంగా అచ్చు వేయించడం. ఖర్చు స్వల్పం. దానివల్ల ఒక్క టి.సి. దరఖాస్తు ఆగినా ఆ ఖర్చు వృథా కాదు.

మా సహాధ్యాయిని వ్రాసి పెట్టుకున్న దరఖాస్తు ఆఫీసులో ఇవ్వలేదు. ఏప్రిల్‌లో ప్రాక్టికల్ పరీక్షకు వచ్చింది. వైవాలో ఆమెను విక్షేపణం గురించే అడిగారు. ఆంగ్లంలో మొదలుపెట్టి, నడుమ కొన్ని మాటలు ఉర్దూలో చెప్పి, ఆంగ్లంలో ముగించింది. పరీక్షాధికారి తల ఊపి తరువాతి ప్రశ్న వేశారు.